ఒంటిగంట రెండుసార్లు కొట్టే రాత్రి

అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇళ్లలో నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున ఒంటిగంట రెండుసార్లు వస్తుంది. వేసవి కోసం మార్చిలో గంట ముందుకు జరిపిన గడియారాలను ఆ రాత్రి వెనక్కి తిప్పుతారు. గడియారం 1:59 దాకా నడిచి, రెండు కొట్టకుండా వెనక్కి మళ్లి మళ్లీ ఒంటిగంట దగ్గర మొదలవుతుంది. ఫోను తనంతట తానే సర్దుకుంటుంది. వంటింట్లో మైక్రోవేవ్ మాత్రం ఎవరో ఒకరు పట్టించుకునేదాకా పాత లెక్కే చూపిస్తుంటుంది. న్యూజెర్సీ నుంచి ఇంటికి ఫోన్ చేసే కొడుకు నిన్నటిదాకా తొమ్మిదిన్నర గంటల తేడా వేసుకునేవాడు, ఇక మార్చి దాకా పదిన్నర. "ఏరా, ఇవాళ గంట ఆలస్యం చేశావేం?" అని ఇక్కడ అమ్మ అడుగుతుంది. ఆమె గడియారం కదల్లేదు మరి.

దయ్యాల వేషాలేసుకునే హాలోవీన్ పండగ వెళ్లి వారం తిరక్కుండానే చేతికొచ్చే ఈ కొసరు గంటని దయ్యాల సినిమాకి ఖర్చుపెట్టేవాళ్లున్నారు. అందులోనూ పీడకలల సినిమాల దారి వేరు. పాడుబడ్డ బంగళాలో దయ్యముంటే ఆ ఛాయలకు వెళ్లకపోతే సరిపోతుంది. నిద్రలోకి వచ్చేదాన్ని ఎన్నాళ్లని తప్పించుకుంటాం? 1984లో వెస్ క్రేవెన్ తీసిన ‘ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్’ ఈ ఒక్క ప్రశ్న మీదే నడుస్తుంది. కాలిన మొహంతో, చేతి తొడుగుకి కత్తులు బిగించుకుని ఫ్రెడ్డీ క్రూగర్ పిల్లల కలల్లోకి వస్తాడు. కలలో పడ్డ వేటు ఒంటి మీద తేలుతుంది. ఫ్రెడ్డీ కల్పితమే. అయితే ఆ కథకు బీజం మాత్రం క్రేవెన్ లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రికలో చదివిన చావు వార్తలు.

చనిపోయినవాళ్లలో ఎక్కువమంది హ్మాంగ్ తెగవాళ్లు. లావోస్ కొండల్లో అమెరికా తరఫున రహస్య యుద్ధం చేసి, 1975లో ఓడిపోయాక థాయ్‌లాండ్ శిబిరాల మీదుగా అమెరికా చేరారు. 1977 నుంచి వాళ్లలో మగవాళ్లు నిద్రలోనే పోవడం మొదలైంది. సగటున ముప్పై మూడేళ్ల వయసు, ఏ జబ్బూ లేదు. రాత్రి మూలుగు వినబడేది, లేపితే లేచేవారు కాదు. పోస్ట్‌మార్టంలో డాక్టర్లకు ఏమీ దొరికేది కాదు. పదేళ్లు తిరిగేసరికి అలాంటి చావులు వంద దాటాయి. ఒక కుర్రాడు నిద్రపోతే చచ్చిపోతానని రోజుల తరబడి మేలుకున్నాడని, చివరికి కునుకు పట్టిన రాత్రే కేకలు పెట్టి పోయాడని క్రేవెన్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు.

జవాబు గుండెలో దొరికింది. 1992లో పెడ్రో, జోసెప్ బ్రుగాడా అనే అన్నదమ్ములు ఈసీజీలో ఒక వింత ఆకారాన్ని వర్ణించారు. గుండె కండరంలోకి సోడియాన్ని పంపే దారిలో పుట్టుకతోనే లోపం ఉంటుంది. పగలంతా మామూలుగా గడిచిపోతుంది. రాత్రి నిద్రలో గుండె వేగం తగ్గినప్పుడు ఆ లోపం బయటపడి, గుండె కొట్టుకోవడం మాని గిలగిల వణకడం మొదలుపెడుతుంది. ఆడవాళ్లకంటే మగవాళ్లలో ఇది చాలా ఎక్కువ. ఆగ్నేయాసియా నిద్రచావుల్లో చాలావాటికి మూలం ఇదేనని తర్వాత తేలింది. ఆ చావుకి ఫిలిప్పీన్స్‌లో బంగుంగోట్ అనీ, జపాన్‌లో పొక్కురి అనీ ఎప్పటినుంచో పేర్లున్నాయి.

థాయ్‌లాండ్ ఈశాన్య పల్లెల్లో మొగుడు చచ్చిన ఆడదయ్యం మగవాళ్ల కోసం రాత్రిళ్లు తిరుగుతుందని భయపడ్డారు. దాన్ని ఏమార్చడానికి మగవాళ్లు గోళ్లకు రంగేసుకుని, ఆడవాళ్ల బట్టలు కట్టుకుని పడుకునేవారు. మన ఊళ్లలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని సుద్దముక్కతో రాసుకున్న రోజులు గుర్తున్నవాళ్లకి ఇది వింతగా తోచదు. మనం దయ్యాన్ని వాయిదా వేశాం, వాళ్లు మారువేషం వేశారు. రెండు చోట్లా దయ్యం ఆడదే, బలి మగవాడే. థాయ్ పల్లెల విషయంలో మాత్రం ఆ పుకారు వెనక నిజంగా ఒక జన్యులోపం ఉంది.

హ్మాంగ్ వాళ్ల సంగతి అక్కడితో ఆగదు. రాత్రిపూట గుండెల మీద కూర్చుని ఊపిరి బిగబట్టించే పిశాచాన్ని వాళ్లు దా చో అంటారు. పూజలు చేయించే పెద్దలు వెంట లేరు, ఊరు లేదు, భాష రాదు. ఆ పిశాచం ముందు దిక్కులేనివాళ్లమయ్యామన్న దిగులు, అసలే బలహీనంగా ఉన్న గుండెకి తోడైందని షెల్లీ ఆడ్లర్ అనే పరిశోధకురాలి వాదన. జన్యువు ఒక్కటే అయితే లావోస్‌లో ఉన్నప్పుడు ఇన్ని చావులు ఎందుకు వినబడలేదన్న ప్రశ్నకి నాకు ఈ వాదన దగ్గరగా కనిపిస్తుంది.

గుండెల మీద దయ్యం కూర్చోవడం మనకీ తెలిసిందే. మెలకువ వస్తుంది, కళ్లు తెరుచుకుంటాయి, చెయ్యి కదలదు, అరుద్దామంటే గొంతు పెగలదు. డాక్టర్లు స్లీప్ పెరాలిసిస్ అంటారు. కలలు దట్టంగా వచ్చే రెమ్ నిద్రలో, కలలో పరుగెత్తితే నిజంగా లేచి పరుగెత్తకుండా మెదడు ఒంటి కండరాలకు తాళం వేస్తుంది. కళ్లూ, ఊపిరి ఆడించే డయాఫ్రమూ మాత్రం పనిచేస్తుంటాయి. ఒక్కోసారి తాళం తీయకముందే మెలకువ వచ్చేస్తుంది. పక్కటెముకల మధ్య కండరాలు ఇంకా వదులుగానే ఉంటాయి కాబట్టి గట్టిగా ఊపిరి పీల్చబోతే ఛాతీ లేవదు. ఎవరో కూర్చున్నట్టే ఉంటుంది. ఆ ఎవరో ఎవరన్నది మాత్రం ఎవరి ఊరి కథ వాళ్లు చెబుతారు. నిమిషం రెండు నిమిషాల్లో వదిలేస్తుంది, ప్రాణభయం లేదు. నిద్ర చాలనివాళ్లకీ, వేళ తప్పి పడుకునేవాళ్లకీ, వెల్లకిలా పడుకునేవాళ్లకీ ఎక్కువగా వస్తుంది.

ఎల్మ్ స్ట్రీట్ సినిమా నాయిక నాన్సీ మంచం కింద కాఫీ మెషిన్ దాచుకుని మేలుకుంటుంది. మేలుకోవడంలో రికార్డు పదకొండు రోజులని కూడా చెబుతుంది. ఆ పదకొండు రోజుల లెక్క కల్పితం కాదు. 1963 డిసెంబరు చివర శాన్ డియాగోలో ర్యాండీ గార్డ్‌నర్ అనే హైస్కూలు విద్యార్థి సైన్స్ ఫెయిర్ ప్రాజెక్టు కోసం 264 గంటలు మేలుకున్నాడు. కానీ అన్ని రోజులు మేలుకున్న మెదడు కళ్లు తెరిచి ఉండగానే కొన్ని సెకన్లు నిద్రలోకి జారుకుంటుంది. చివరికి పడుకుంటే, బాకీ వసూలు చేసుకున్నట్టు రెమ్ నిద్రని ఎక్కువగా లాక్కుంటుంది. అంటే నాన్సీ ఎంత మేలుకుంటే ఫ్రెడ్డీకి అంత మేలు. క్రేవెన్ ఇది తెలిసి రాశాడో లేదో గానీ, ఆ సినిమాలో నన్ను కత్తుల కంటే ఎక్కువగా భయపెట్టేది ఇదే.

తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మన పెద్దలంటారు. నిజమయ్యే సంగతేమో గానీ, గుర్తుండేది మాత్రం ఆ కలే. రెమ్ నిద్రలో ఎక్కువ భాగం రాత్రి చివరి జాములోనే ఉంటుంది, అందులోంచి నేరుగా మెలకువ వస్తే కల చేతిలో మిగులుతుంది. నవంబరులో వచ్చిన కొసరు గంటని నిజంగా నిద్రపోతే అది వెళ్లి కలిసేది ఆ జాములోనే. పీడకలల సినిమాకి ఇంతకంటే మంచి ముహూర్తం ఉండదు.

మార్చి రెండో ఆదివారం సంగతి వేరు. ఆ రాత్రి రెండు నుంచి మూడు దాకా ఉండాల్సిన గంట అసలు ఉండదు, అలారం కోసేసేది ఆ చివరి జామునే. స్వీడన్‌లో 1987 నుంచి 2006 దాకా ఆసుపత్రి రికార్డులు తిరగేస్తే, గడియారం ముందుకు జరిపిన వారంలో గుండెపోట్లు సుమారు 5 శాతం పెరిగాయి. అందుకే మార్చిలో ఆ ఆదివారం ముందు రాత్రి నేనైతే ఫ్రెడ్డీని పక్కనపెట్టి, ఏదో ఒక పాత కామెడీ సగం చూసి పడుకుంటాను.