మజిలీలు పోయిన దారి: గోల్కొండ నుంచి బందరు దాకా

సంక్రాంతికి రెండు రోజుల ముందు పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరిన కార్లను ఏటా టీవీలో చూస్తాం. హైదరాబాద్ నుంచి విజయవాడకు దాదాపు 270 కిలోమీటర్లు. టిఫిన్‌కో టీకో తప్ప ఎవరూ మధ్యలో బండి ఆపరు. "దారిలో చూడ్డానికి ఏముంది?" అనే మాట నేను చాలాసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ బాధేస్తుంది. ఎందుకంటే ఆ పంతంగే ఒకప్పుడు పేరున్న మజిలీ.

17వ శతాబ్దం మధ్యలో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ గోల్కొండ నుంచి మచిలీపట్నం దారిని మజిలీల వారీగా రాసుకున్నాడు. అందులో హయత్‌నగర్ ఉంది, పంతంగి ఉంది, నల్లగొండ పక్కనున్న పానగల్లు ఉంది, కొల్లూరు వజ్రాల గని ఉంది, బెజవాడ ఉంది. ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎన్ని క్రోసులో (క్రోసు అంటే అప్పటి దూరం కొలత) కూడా లెక్క వేశాడు. కుతుబ్‌షాహీలకు సముద్రం అంటే బందరే. అద్దకం బట్టలూ వజ్రాలూ ఈ దారినే రేవుకు చేరేవి. 1578లో మూసీ మీద కట్టిన పురానాపూల్ ఈ దారికి మొదటి మెట్టు. హయత్‌నగర్‌లో కుతుబ్‌షాహీ రాణి హయాత్ బక్షీ బేగం పేరున్న మసీదు చుట్టూ వరుసగా కనిపించే గదులు బాటసారుల సరాయి. పక్కనే పెద్ద బావి. మనిషికీ ఎద్దుకీ ఏం కావాలో తెలిసినవాళ్లు కట్టిన దారి ఇది. తానీషా బందరు వెళ్తూ కూచిపూడిలో భాగవతుల ఆట చూసి, ఊరిని అగ్రహారంగా ఇచ్చాడని చెప్పుకునేది కూడా ఈ ప్రయాణం గురించే.

దారిని ఇలా రాసిపెట్టే అలవాటు మనవాళ్లకూ ఉంది. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఏ ఊళ్లో అంగళ్లున్నాయి, నీళ్లెలా ఉన్నాయి, దిగడానికి చోటుందా అని మజిలీ మజిలీకీ రాశారు. ఆ పుస్తకం 1838లో అచ్చయింది. తర్వాత వెళ్లేవాడికి ఇబ్బంది కలగకూడదన్న ఆలోచన అందులో పేజీ పేజీకీ కనిపిస్తుంది.

ఆ వరుసను తెంపింది రైలు. నిజాం రైల్వే 1874లో, ఇప్పటి కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ చేరింది. 1889లో బెజవాడ దాకా వెళ్లింది. కానీ వెళ్లింది వరంగల్, ఖమ్మం మీదుగా. పాత బాటసారి దారి మొత్తం పక్కకు పడిపోయింది. ఇంగ్లిషు గైడు పుస్తకాలు, ముర్రే హ్యాండ్‌బుక్ లాంటివి, ఎక్కువగా రైలు మార్గాల వరుసలోనే రాసేవారు. స్టేషన్ ఉన్న ఊరి గుడి పుస్తకంలోకి ఎక్కింది, లేని ఊరి గుడి ఎక్కలేదు. వేయిస్తంభాల గుడి అందరికీ తెలియడానికీ, పిల్లలమర్రి తెలియకపోవడానికీ కారణం శిల్పంలో తేడా కాదని నా నమ్మకం. పిల్లలమర్రిలో 1208 నాటి ఎరకేశ్వరాలయంలో నల్లరాతి స్తంభాల నునుపు ఒక్కసారి చేత్తో తాకి చూడండి. పిల్లలమర్రి సూర్యాపేటకు ఐదారు కిలోమీటర్లే. సూర్యాపేటకు ఈ రోజుకీ రైలు స్టేషన్ లేదు.

1932లో నిజాం రైల్వే కిందే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలైంది. ప్రయాణికులు మళ్లీ రోడ్డెక్కారు. దారి చెప్పే పుస్తకం మాత్రం తిరిగి రాలేదు. తర్వాత వచ్చిన టూరిస్టు పుస్తకాలూ పాత జాబితానే పట్టుకున్నాయి: చార్మినార్, గోల్కొండ, ఈ చివర కనకదుర్గ, ఉండవల్లి. నడుమ ఖాళీ. నాలుగు లేన్ల రోడ్డు, బైపాస్‌లు వచ్చాక ఊళ్లే కనబడడం లేదు, ఇక గుళ్లెక్కడ కనబడతాయి?

ఫణిగిరి సంగతే చూడండి. సూర్యాపేట నుంచి జనగామ వైపు వెళ్తే కొండ మీద బౌద్ధారామం. అక్కడి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్లాయి. జగ్గయ్యపేట అయితే హైవే పక్కనే. 1882లో పురావస్తు పరిశోధకుడు బర్జెస్ అక్కడి బౌద్ధ స్తూపాన్ని తవ్వించాడు. అక్కడ దొరికిన చక్రవర్తి మాంధాత శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఆ ఊరి పిల్లలు దాన్ని చూడాలంటే చెన్నై వెళ్లాలి. కొల్లూరు గని పులిచింతల నీళ్ల కింద ఉంది, దాన్నిక చూడలేం.

పానగల్లును మాత్రం చూడొచ్చు. నార్కట్‌పల్లి దగ్గర హైవే దిగి నల్లగొండ వైపు తిరగాలి. ఛాయాసోమేశ్వరాలయం గర్భగుడిలో పగలంతా కదలని నీడ, పచ్చల సోమేశ్వరాలయం, ఉదయ సముద్రం చెరువు, అన్నీ పక్కపక్కనే. టావెర్నియర్ ఆగిన మజిలీ అది. విజయవాడ ప్రయాణంలో ఒక పూట ఎక్కువ పెట్టుకుంటే చాలు.