చేయి పడిపోతే చేతికి మందు రాయొద్దు: పక్షవాతంపై అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో ఫిజియోథెరపీ చేస్తుంటాను. పరకాల, నర్సంపేట, ములుగు వైపు నుంచి పక్షవాతం వచ్చినవాళ్లు నా దగ్గరికొస్తారు. చాలామంది పసరు మందు దగ్గర ఆగి, మర్నాడు ఆస్పత్రికి చేరినవాళ్లే.

అపోహ: పసరు పోయించినా, పావురం రక్తం రాసినా తగ్గుతుంది.

వాస్తవం: పడిపోయింది చేయే అయినా దెబ్బ తగిలింది మెదడుకు. నూటికి సుమారు 85 మందికి రక్తనాళంలో గడ్డ అడ్డుపడుతుంది, మిగతావాళ్లకు నాళం చిట్లుతుంది. గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలి. రక్తస్రావమైతే అదే ఇంజెక్షన్ ప్రాణం మీదికి తెస్తుంది, అందుకే ముందు సీటీ స్కాన్ తీస్తారు. పసరుతో ఆ తేడా ఎలా తెలుస్తుంది?

"మా ఊళ్లో ఒకాయనకు పసరుతోనే మూతి సరైంది సార్" అంటారు. ముఖంలోని నరం వాచినా మూతి వంకరపోతుంది. అది పక్షవాతం కాదు, చాలామందిలో కొన్ని వారాలకు దానంతటదే తగ్గుతుంది. పేరు మాత్రం పసరుకు వస్తుంది. ఏది ఏదో ఇంట్లో తేల్చుకోవద్దు. మూతి వంకరపోయినా, చేయి లేవకపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి. చివరిసారి బాగున్నది ఎన్నింటికో గుర్తుపెట్టుకోండి. నోట్లో నీళ్లు, గోలీలు వేయొద్దు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

అపోహ: పడిపోయిన చేయి పది నిమిషాల్లో సర్దుకుంది, ఇక భయం లేదు.

వాస్తవం: అసలు పక్షవాతం వచ్చే ప్రమాదం ఆ తర్వాతి రెండు రోజుల్లోనే ఎక్కువ. ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి.

అపోహ: బీపీ నార్మల్‌కు వచ్చింది, గోలీ ఆపొచ్చు.

వాస్తవం: గోలీ వేసుకుంటున్నందుకే నార్మల్‌గా ఉంది. డాక్టర్ చెప్పకుండా ఆపొద్దు.

అపోహ: చేయి పట్టి గుంజితే బలం వస్తుంది.

వాస్తవం: నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. ఒక బాపును ఇద్దరు కొడుకులు మంచం మీంచి లేపుతున్నారు. ఎంతో ప్రేమగానే, కానీ పడిపోయిన చేతిని పట్టుకొని. చొక్కా విప్పి చూస్తే భుజం కింద వేలు పట్టేంత సందు. కండరాల పట్టు పోయినప్పుడు చేయి తన బరువుకే కీలు నుంచి కిందికి జారుతుంది, గుంజితే ఇంకా జారుతుంది. ఆ నొప్పికి మనిషి వ్యాయామమే మానేస్తాడు. కూర్చున్నప్పుడు ఆ చేతి కింద దిండు పెట్టండి. లేపేటప్పుడు నడుముకు తువ్వాల చుట్టి పట్టుకోండి.

అపోహ: ఆరు నెలలు దాటితే పోయిన కదలిక ఇక రాదు.

వాస్తవం: మొదటి మూడు నెలల్లో మెరుగు వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది కానీ ఆగదు. మెదడులో మిగిలిన భాగాలు ఆ పని నేర్చుకోవాలంటే ఆ పనే పదేపదే చేయించాలి. బీడీలు చుట్టే ఒక అక్కకు కుడిచేయి పడిపోయింది. రబ్బరు బంతి ఇస్తే రెండు రోజులకే విసుగొచ్చింది. దాంతో పొగాకు లేకుండా ఉత్త తునికాకు ఇచ్చాం. మొదట్లో ఆకు వేళ్ల మధ్య నిలిచేదే కాదు. పదో నెలలో బొటనవేలితో ఆకు కొన మడిచి, దారం అందుకోవడానికి రెండో చేయి చాపింది.