హారర్ నవలంటే దయ్యమేనా? అపోహలు - వాస్తవాలు

నేను హారర్ నవలలు రాస్తాను, వేరేవాళ్లు రాసినవి ఎడిట్ కూడా చేస్తాను. హైదరాబాద్‌లో ఎవరికి ఈ మాట చెప్పినా మొదటి ప్రశ్న ఒకటే: "మీరు దయ్యాల్ని నమ్ముతారా?" నమ్మితే ఏంటి, నమ్మకపోతే ఏంటి? దయ్యం ఎవరి జోలికొస్తోంది, వాళ్లు దానికి ఏం బాకీ పడ్డారు, నవలకు కావలసింది అది. ముఖ్యంగా చేసిన తప్పు, పోయినవాళ్ల దిగులు, నలుగురూ కలిసి దాచిన గుట్టు, వీటి మీద నడిచే నవలల గురించి కొత్తగా రాసేవాళ్లలో చాలా అపోహలున్నాయి.

అపోహ: గుట్టు చివరిదాకా దాచిపెడితేనే టెన్షన్.

అది డిటెక్టివ్ నవల లెక్క. నలుగురికీ తెలిసిన గుట్టులో "ఏం జరిగింది" అన్నది పెద్ద విషయం కాదు, ముందు ఎవరు నోరు జారతారన్నదే విషయం. చెరువు ఎఫ్‌టీఎల్‌లో కట్టిన ఒక అపార్ట్‌మెంట్ అనుకోండి. (ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు. అది ఎక్కడిదాకా ఉందో 2020 అక్టోబర్ వానలప్పుడు సిటీలో చాలామందికి ఇంట్లో కూర్చునే తెలిసింది.) రాత్రిపూట సెల్లార్‌లోకి నీళ్లొస్తుంటే అందరూ కార్లు బయటికి తీసుకుంటున్నారు. మూలగదిలో వాచ్‌మన్ భార్య జ్వరంతో పడుకుని ఉందని ఐదు ఫ్లాట్లవాళ్లకి తెలుసు, ఎవరికి వారు "పక్కవాళ్లు లేపే ఉంటారులే" అనుకున్నారు. ఇదంతా మొదటి ఇరవై పేజీల్లోనే పాఠకుడికి చెప్పేయండి. ఆ తర్వాత అసోసియేషన్ మీటింగులో ట్రెజరర్ లేచి "సెల్లార్ మోటర్ ఎవరూ వేయకుండానే రాత్రంతా నడుస్తోందండీ, కరెంటు బిల్లు చూడండి" అంటాడు. ఐదుగురు మాట్లాడరు. ఈమధ్యే ఫ్లాట్ కొనుక్కుని వచ్చిన ఆరో ఆయన "ఎలక్ట్రీషియన్ని పిలుద్దాం, ఇందులో ఆలోచించేదేముంది?" అంటాడు. అప్పటికీ ఎవరూ మాట్లాడరు. దయ్యం ఇంకా రానేలేదు, చదివేవాడికి మాత్రం చెమట పట్టేసింది.

అపోహ: పాడుబడ్డ బంగళా, శ్మశానం, మర్రిచెట్టు ఉండాలి.

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది, పట్టపగలు రోగులు, అటెండర్లు, టీ అమ్మేవాళ్లు తిరిగే చోటు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు నగరంలో సుమారు 15 వేల మంది పోయారంటారు, ఆ చెట్టెక్కిన దాదాపు 150 మంది బతికారు. వరద రోజు గుర్తుచేసుకున్నప్పుడల్లా ఆ చెట్టుకి దండం పెట్టుకుంటాం, పెట్టుకోవాలి కూడా. కానీ నవల రాసేవాడు ఇంకో ప్రశ్న అడగాలి: కింది కొమ్మ మీదున్నవాడి కాలు నీళ్లలోంచి ఎవరైనా పట్టుకుంటే? వాడు విదిలించుకుంటే, పై కొమ్మ మీదున్నవాళ్లు చూసి ఊరుకుంటే? (ఇది నా ఊహ, చరిత్ర కాదు.) ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, 1920కల్లా మూసీ మీద ఉస్మాన్‌సాగర్ తయారైంది, అదే మూసీ నీళ్లు నగరంలో ఇళ్లకి కుళాయిల్లో వచ్చాయి. కాలు విదిలించుకున్నవాడి ఇంటికి కూడా. ఇంక బంగళా ఎందుకండీ?

అపోహ: దిగులంటే ఏడుపు సీన్లు.

1971లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం వేల్స్‌లో డెవి రీస్ అనే డాక్టర్ భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడితే, వాళ్లలో దాదాపు సగంమంది పోయిన మనిషి కనపడ్డట్టో, వినపడ్డట్టో, పక్కనే ఉన్నట్టో అనిపించిందన్నారు. అలా చెప్పినవాళ్లలో ఎక్కువమంది అంతకుముందు ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, ఎక్కువమందికి దానివల్ల భయం కాదు, ఊరటే కలిగింది. నాకు ఇది చాలా పనికొచ్చే సంగతి. పోయిన తండ్రి కుర్చీలో కనిపిస్తే కూతురికి ధైర్యం, ఆయన చేసిన ఆఖరి ఫోన్ కట్ చేసిన కొడుక్కి అదే కుర్చీ నరకం.

మన దగ్గర పోయినాయన పేరున పిట్టకు, అంటే కాకికి, పెట్టే రోజే చూడండి. విస్తట్లో అన్నం, మటన్, ఆయన తాగే బ్రాండు క్వార్టర్, బీడీ కట్ట పెట్టి అందరూ దూరం జరుగుతారు. కాకి రాదు. "బాపూ, చెల్లె పెండ్లి నేను జేస్త, రంది పెట్టుకోకు" అంటాడు పెద్దకొడుకు. రాదు. "జాగ పంచాయితి పెట్టుకోం బాపూ." కొమ్మ మీద కాకి మెడ తిప్పి చూస్తుంది తప్ప కిందికి దిగదు. ఎండ ఎక్కుతోంది, పిల్లలకి ఆకలి. చెప్పాల్సిన మాట ఇంకొకటి మిగిలింది, అది ముగ్గురికే తెలుసు, ముగ్గురూ విస్తరి వైపే చూస్తున్నారు. తెలుగులో ఇంత మంచి సీన్ చేతిలో ఉంటే, నా దగ్గరికొచ్చే రాతప్రతుల్లో మాత్రం నిమ్మకాయలు, పుర్రెలు, ఎర్రబట్టలు!

అపోహ: నిజం ఒప్పుకోగానే దయ్యం శాంతించాలి.

సినిమాకి బాగుంటుంది. కానీ ఆ అపార్ట్‌మెంట్‌లో ఒకడు వాచ్‌మన్ దగ్గరికెళ్లి అంతా చెప్పేశాడనుకోండి, చెప్పినవాడికి తేలిక, ఇన్నాళ్లూ "నీళ్లు తీసుకుపోయాయి" అనుకుని బతుకుతున్న ఆ మనిషికి ఇప్పుడు రాత్రి నిద్ర ఉండదు. నా మటుకు నవల అక్కడ అయిపోదు, అసలు భాగం అక్కడే మొదలవుతుంది. చాలామంది అక్కడికి రాగానే హోమం చేయించి శుభం కార్డు వేసేస్తారు.

అపోహ: రక్తం ఎక్కువుంటే భయం ఎక్కువ.

లేదు. అసహ్యం ఎక్కువ.

అపోహ: హారర్ రచయితలు అర్ధరాత్రి కూర్చుని రాస్తారు.

పొద్దున పదింటికి, ఇంట్లో అందరూ వెళ్లాక, కుక్కర్ కూతలు ఆగాక. రాత్రి మాకూ భయమే.