కోయి కొలను: ఫిల్టర్‌లో అసలు పని చేసేదెవరు?

ఇంటి వెనక కొత్తగా కోయి అనే రంగురంగుల చేపల కోసం కొలను కట్టించుకున్నవాళ్ళ దగ్గర రెండు రకాల గోడు వినిపిస్తుంది. ఒకరి కొలనులో నీళ్ళు చిక్కటి ఆకుపచ్చ. చేయి ముంచితే వేళ్ళు కనబడవు, చేపలు మాత్రం మేత చల్లగానే ఎగబడి తింటాయి. ఇంకొకరి కొలనులో అడుగున రూపాయి బిళ్ళ పడితే బొమ్మో బొరుసో పైనుంచే చెప్పొచ్చు. చేపలు మాత్రం మూలకు చేరి, రెక్కలు ముడుచుకుని, ఒక్కొక్కటే చచ్చిపోతుంటాయి. మొదటాయనకు నీళ్ళ టెన్షన్, రెండో ఆయనకు చేపల టెన్షన్. ఇద్దరూ ఒకే దుకాణానికి వెళ్ళి ఇంకాస్త పెద్ద ఫిల్టర్ అడుగుతారు. ఇద్దరూ అడగాల్సిన ప్రశ్న మాత్రం వేరే ఉంది: నా చేపలు వదిలే అమోనియా ఎటు పోతోంది?

కోయి అనగానే ఏదో జపాన్ వింత అనుకుంటాం గానీ, మన చేపల మార్కెట్‌లో బొచ్చె, రవ్వుల పక్కన పడి ఉండే బంగారు తీగకు ఇది దగ్గరి చుట్టం. నీగాతా ప్రాంతపు కొండ పల్లెల్లో వరి రైతులు తిండి కోసం కార్ప్ చేపలు పెంచేవారు. వాటిలో అప్పుడప్పుడు పుట్టే రంగు పిల్లలను 19వ శతాబ్దంలో ఏరి, జత కట్టించి, ఈ రకాలను తయారు చేశారు. 1914లో టోక్యోలో జరిగిన ప్రదర్శనతో వాటి పేరు జపాన్ అంతటా పాకింది. రంగు మారింది గానీ గుణం మారలేదు. కార్ప్ చేపకు మనలాగా జీర్ణాశయం ఉండదు, గొంతు దాటితే నేరుగా పేగే. అందుకే అది రోజంతా ఏదో ఒకటి తింటూనే ఉంటుంది, అడుగు తవ్వుతూనే ఉంటుంది. బాగా పెరిగితే రెండడుగులు దాటుతుంది. దుకాణంలో వేలెడంత పిల్లను చూసి పదిహేను కొనేవాళ్ళు ఈ సంగతి ముందే తెలుసుకుంటే మంచిది.

ఇక అమోనియా. చేప విసర్జించేది కంటికి కనబడే మలమే అనుకుంటాం. నిజానికి మేతలోని మాంసకృత్తులు అరిగాక మిగిలే నత్రజనిలో ఎక్కువ భాగం మొప్పల గుండా, అమోనియాగా, నేరుగా నీళ్ళలో కరిగిపోతుంది. ఏ వలా, ఏ స్పాంజీ దాన్ని పట్టలేదు. చేపల పెంపకందారులు వాడే ఉజ్జాయింపు లెక్క ఒకటుంది: 35 శాతం మాంసకృత్తులున్న మేత 100 గ్రాములు వేస్తే సుమారు 3.2 గ్రాముల అమోనియా నత్రజని తయారవుతుంది. అయిదు వేల లీటర్ల కొలనులో అది లీటరుకు 0.6 మిల్లీగ్రాముల పైమాటే. ఈ రోజుకు అంత, రేపటికి మళ్ళీ అంత.

అయితే ఆ అమోనియా అంతా విషం కాదు. నీళ్ళలో అది రెండు రూపాల్లో ఉంటుంది. అమోనియం అయాన్‌గా ఉన్న భాగం వల్ల పెద్దగా హాని లేదు, వాయు రూపంలో ఉన్న భాగమే మొప్పలను కాల్చేస్తుంది. ఏది ఎంత ఉండాలో నిర్ణయించేది పి.హెచ్. (నీళ్ళు ఆమ్లమో క్షారమో చెప్పే అంకె), వేడి. 25 డిగ్రీల దగ్గర, పి.హెచ్. 7 ఉంటే విషపు భాగం ఒక శాతం కూడా ఉండదు. 8కి వెళ్తే అయిదు శాతం దాటుతుంది. 9కి వెళ్తే మూడో వంతు పైనే. అంటే టెస్ట్ కిట్‌లో అమోనియా అంకె ఒక్కటే చూసి ధైర్యపడటం గానీ భయపడటం గానీ కుదరదు. ఉదయం పి.హెచ్. ఒకలా ఉంటుంది, ఎండ బాగా కాసిన మధ్యాహ్నం ఇంకోలా ఉంటుంది. రెండుసార్లూ చూడాలి.

దీన్ని మాయం చేసేది యంత్రం కాదు, బ్యాక్టీరియా. 1890 ప్రాంతంలో సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ అనే శాస్త్రవేత్త మట్టిలోని ఈ జీవుల సంగతి తేల్చాడు. ఒక జాతి అమోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, మరో జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. వాటికి అదే బతుకుతెరువు, ఆ రసాయన చర్య నుంచి వచ్చే శక్తితోనే పెరుగుతాయి. ఫిల్టర్ డబ్బా కేవలం వాటి ఇల్లు.

ఆ ఇంటి నమూనా హైదరాబాద్‌లో చాలామంది కాళ్ళ కిందే ఉంది. నార్సింగి, కొల్లూరు వైపు పెద్ద అపార్ట్‌మెంట్లలో మురుగునీటి శుద్ధి ప్లాంటుకు వెళ్ళి చూడండి. చాలాచోట్ల ఒక ట్యాంకులో వేల కొద్దీ చిన్న చిన్న ప్లాస్టిక్ చక్రాలు గాలి బుడగల్లో గిరగిరా తిరుగుతుంటాయి. ఈ పద్ధతి 1980ల చివర్లో నార్వేలో మురుగునీటి కోసం పుట్టింది. కోయి పెంపకందారులు దాన్ని అచ్చంగా తెచ్చుకున్నారు, దుకాణాల్లో కే-1 మీడియా అని అమ్మేది అదే. ఒక ఘనపు మీటరు చక్రాల్లో బ్యాక్టీరియా అంటుకోవడానికి సుమారు 500 చదరపు మీటర్ల చోటు దొరుకుతుంది. మన మురుగూ చేపల మురుగూ ఒకే రకం జీవులు తినిపెడుతున్నాయన్నమాట. కొనలేకపోతే గిన్నెలు తోమే ప్లాస్టిక్ స్క్రబ్బర్లు నీలం డ్రమ్ములో నింపినా పని జరుగుతుంది, చూపు బాగుండదంతే. కొలను అడుగున గులకరాళ్ళు పరచడం మాత్రం నాకు అసలు నచ్చని అలవాటు. చూడ్డానికి ముచ్చటే, కానీ ఆ సందుల్లో పేరుకునే మురికిని ఎవరూ తీయలేరు.

ఈ జీవులకు రెండు కావాలి, రెండూ మనం తక్కువ అంచనా వేస్తాం. ఒక గ్రాము అమోనియా నత్రజనిని మార్చడానికి అవి 4.57 గ్రాముల ఆక్సిజన్ వాడతాయి, సుమారు 7 గ్రాముల క్షారతను, అంటే పి.హెచ్.ను నిలబెట్టే బైకార్బొనేట్ లాంటి లవణాలను, తినేస్తాయి. క్షారత తరిగిపోతే పి.హెచ్. ఒక్కసారిగా పడిపోతుంది, ఫిల్టర్ మొరాయిస్తుంది. మనం రోజూ తిట్టుకునే బోరు నీళ్ళు ఇక్కడ అక్కరకొస్తాయి. బకెట్ల మీద తెల్ల చారలు కట్టించే ఆ నీళ్ళలో బైకార్బొనేట్ సాధారణంగా బాగానే ఉంటుంది. వాటిని కాదని ఆర్‌ఓ నీళ్ళు పోస్తే డబ్బూ దండగ, చేపలకూ చేటు. కాకపోతే బోరు నుంచి అప్పుడే వచ్చిన నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ, అందుకే పైనుంచి చిమ్ముతూ పట్టాలి. నల్లా నీళ్ళయితే క్లోరిన్ సమస్య, అది మొప్పలనూ బ్యాక్టీరియానూ ఒకేసారి దెబ్బతీస్తుంది. అక్వేరియం దుకాణంలో దొరికే హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, క్లోరిన్‌ను విరిచేస్తుంది.

ఫిల్టర్ మొత్తాన్ని ఆదివారం పూట నల్లా కింద పెట్టి తళతళలాడేలా కడిగేవాళ్ళు చేసేది ఇదే: నెలల తరబడి పెరిగిన బ్యాక్టీరియాను ఒక గంటలో చంపుకోవడం. ఫిల్టర్‌లో నీళ్ళు మొదట చేరే ముందు గదిలోని బ్రష్షులు, స్పాంజీలు మురికి పట్టడానికే ఉన్నాయి, వాటిని వారానికోసారి కడగాల్సిందే. వెనక గదిలోని మీడియాను, అంటే బ్యాక్టీరియా ఉండే చక్రాలను, మాత్రం ఎప్పుడో ఒకసారి, అదీ కొలను నీళ్ళలోనే, జాడించి వదిలేయాలి.

మరి పచ్చ నీళ్ళు? అవి సూక్ష్మమైన నాచు. ఒక్కో కణం మీటరులో లక్షల వంతుల్లో కొలిచేంత చిన్నది, స్పాంజీలోంచి దర్జాగా దూరిపోతుంది. నాచు కూడా అమోనియాను తింటుంది, అందుకే మొదటాయన చేపలు హుషారుగా ఉన్నాయి. పగలు నాచు కార్బన్ డయాక్సైడ్ లాగేసుకోవడంతో పి.హెచ్. పైకి ఎగబాకుతుంది. రాత్రి అదే నాచు ఆక్సిజన్ పీల్చేస్తుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయంటే ఏమిటో భీమవరం వైపు చెరువు రైతును అడిగితే నిద్రలో లేపినా చెబుతాడు. ఇంటి కొలనుకు యు.వి. దీపం మంచి మందు. 254 నానోమీటర్ల కిరణాలు నాచు కణాల డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి, కణాలు ముద్దకట్టి ఫిల్టర్‌లో చిక్కుతాయి. దీపం వెలుగుతూనే ఉన్నా ఏడాది తిరిగేసరికి దాని అతినీల లోహిత కిరణాల బలం తగ్గుతుంది, మార్చాలి. గోడలకు పట్టే తీగ నాచును అది ఏమీ చేయలేదు. నాచుకు తిండి దొరుకుతున్నంత కాలం దీపం ఆపిన వారానికే పచ్చదనం తిరిగొస్తుంది. మూసీలో గుర్రపు డెక్క ఎన్నిసార్లు తీసినా పెరిగేదీ ఇందుకే, మురుగులోని నత్రజని, భాస్వరం దాని ఎరువు.

తేట కోసం ఇంకో దగ్గరి దారి పటిక. మన పల్లెల్లో చిల్లగింజ అరగదీసి కుండలో కలిపినట్టే, ఇదీ తేలే మట్టి రేణువులను ఒకదానికొకటి అంటించి అడుక్కు దించుతుంది. బురద తగ్గుతుంది, అమోనియా అలాగే ఉంటుంది. పైగా పటిక క్షారతను తినేస్తుంది. మోతాదు మించితే తేట నీళ్ళలో చచ్చిన చేపలు స్పష్టంగా కనబడతాయి.

మే నెలలో అసలు పరీక్ష. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది, 30 డిగ్రీలకు ఏడున్నరకు దిగుతుంది. మన నగరం సముద్రమట్టానికి అయిదు వందల మీటర్ల పైన ఉంది కాబట్టి అందులోనూ ఇంకొంచెం కోత. నాలుగడుగుల లోతు, పైన గ్రీన్ నెట్, మేత తగ్గించడం ఈ మూడూ ఎండాకాలంలో ఏ కొత్త పరికరం కన్నా ఎక్కువ పనిచేస్తాయి. కరెంటు పోతే చేపల కన్నా ముందు మూసి ఉన్న ఫిల్టర్‌లో బ్యాక్టీరియాకు ఊపిరాడదు. పెద్ద మోటారును ఇన్వర్టర్ మోయలేకపోవచ్చు గానీ చిన్న ఎయిర్ పంపును తేలిగ్గా మోస్తుంది. గంటల తరబడి ఆగిన ఫిల్టర్‌లోని నీళ్ళను ముందు బయటికి వదిలేశాకే మోటారు వేయాలి, ఆ కుళ్ళు కొలనులోకి పోకూడదు.

రెండో ఆయన కొలను కొత్తది, అదీ అసలు కారణం. సిమెంటు సున్నం ఊరి పి.హెచ్. పెరిగింది, ఫిల్టర్‌లో బ్యాక్టీరియా ఇంకా లేదు. అది కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాత కొలను ఉన్నవాళ్ళ దగ్గర్నుంచి, వాళ్ళ చేపలకు జబ్బు లేదనుకుంటే, గుప్పెడు పాత మీడియా తెచ్చుకుంటే ఇంకా త్వరగా అవుతుంది. మధ్యలో నైట్రైట్ పెరిగే దశ ఒకటి వస్తుంది. అది చేప రక్తంలోకి చేరి ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది, రక్తం గోధుమరంగుకు తిరుగుతుంది. వెయ్యి లీటర్లకు కిలో దొడ్డుప్పు వేస్తే ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కు అడ్డుపడుతుంది. ఉప్పు ఆవిరైపోదు, నీళ్ళు మార్చినప్పుడే తగ్గుతుంది. కాబట్టి మళ్ళీ మళ్ళీ వేయకూడదు.

చివర మిగిలే నైట్రేట్‌కు వారానికి పదో వంతు నీళ్ళు మార్చడమే విరుగుడు. తీసిన నీళ్ళు అరటికీ కరివేపాకుకూ మంచి ఎరువు. ఉప్పు వేసిన రోజుల్లో మాత్రం అవి మొక్కలకు వద్దు, డ్రైనేజీలోకే.