క్వాంటమ్ డాట్ల ఉష్ణవిద్యుత్తు: లెక్కకెక్కని వేడి

అర్ధవాహక క్వాంటమ్ డాట్లతో, అంటే నానోమీటర్ల పరిమాణంలోని స్ఫటిక రేణువులతో, వేడిని నేరుగా విద్యుత్తుగా మార్చే పరికరాల సామర్థ్యంపై వాదన మళ్లీ రాజుకుంది. ఎలక్ట్రాన్లు మోసుకెళ్లే వేడిని మాత్రమే లెక్కించి సామర్థ్యాన్ని ప్రకటించడం సబబా, స్ఫటిక జాలకం, అంటే పరమాణువుల క్రమమైన అమరిక, గుండా వృథాగా పోయే వేడినీ కలపాలా అన్నదే తగవు. ఈ తగవుకు మూలం 2002లో ఉంది.

ఆ ఏడాది ఎంఐటీ లింకన్ లేబొరేటరీలో హార్మన్ బృందం లెడ్ టెల్యురైడ్ పొరల్లో డాట్లను పొదిగి, అదే సూత్రాన్ని తిరగేసి విద్యుత్తుతో చల్లబరిచే ఒక శీతలీకరణ పరికరం తయారుచేసింది. ఒకవైపు సుమారు 0.1 మిల్లీమీటరు మందం, 10 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల పొడవు గల పలక, రెండోవైపు లోహపు తీగ. దాని చల్లని కొస గది ఉష్ణోగ్రత కంటే 43.7 కెల్విన్‌లు దిగువకు చేరింది. ఉష్ణవిద్యుత్ పదార్థాల నాణ్యతకు కొలమానమైన జడ్‌టీ దశాబ్దాలుగా 1 దగ్గరే ఆగిపోయి ఉండగా, ఈ పదార్థానికి 1.6 వరకు, 2005 నాటికి అధిక ఉష్ణోగ్రతల వద్ద 3.5 వరకు ఉందని ఆ బృందం ప్రకటించింది. జాలకం గుండా వేడి ఎంత తక్కువగా పోతే జడ్‌టీ అంత పెరుగుతుంది; డాట్ల వల్ల జాలక ఉష్ణవాహకత బాగా పడిపోయిందన్న నిర్ధారణే ఆ అంకెలకు ఆధారం.

అసలు మలుపు 2009లో వచ్చింది. ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన కాహిల్ బృందం, లింకన్ లేబొరేటరీ పరిశోధకులతోనే కలిసి, ఈ తరహా నమూనాల ఉష్ణవాహకతను లేజర్ పల్స్‌లతో, అంటే అతి స్వల్పకాలపు కాంతి మెరుపులతో, నేరుగా కొలిచింది. నమూనాపై పూసిన పలుచని లోహపు పొరను ఒక పల్స్ వేడిచేస్తుంది. ఆ వేడి ఎంత త్వరగా లోపలికి ఇంకిందో మరో పల్స్, లోహం నుంచి పరావర్తనమయ్యే కాంతిలోని మార్పును బట్టి చెబుతుంది. పొరల ఆవర్తనం, అంటే ఒకే అమరిక మళ్లీ వచ్చే దూరం, 5 నానోమీటర్లయినా 50 అయినా ఫలితం మారలేదు. అన్ని విలువలూ అదే సగటు కూర్పు గల మామూలు మిశ్రమ స్ఫటికపు విలువకే చేరువయ్యాయి. లెడ్ టెల్యురైడ్‌లో ఫోనాన్లు, అంటే జాలకంలో వేడిని మోసే కంపనాలు, సహజంగానే కొద్ది దూరంలో చెదిరిపోతాయి, పైగా దానికీ డాట్ల పదార్థమైన లెడ్ సెలెనైడ్‌కూ ధ్వని లక్షణాల్లో తేడా స్వల్పం కనుక డాట్లు అదనంగా అడ్డుకోగలిగింది పెద్దగా లేదు. ఈ కొలత పొరలకు అడ్డంగా జరిగిందనీ, 2002 పరికరంలో వేడి పొరల వెంబడి ప్రవహించిందనీ అనవచ్చు. కానీ పొరల నిర్మాణాల్లో వేడికి ఎక్కువ ఆటంకం సాధారణంగా అడ్డదిశలోనే ఉంటుంది గనుక ఆ సమర్థన నిలవదు.

సిద్ధాంతం ఈ హెచ్చరికను ముందే ఇచ్చింది. ఒకే శక్తి గల ఎలక్ట్రాన్లను మాత్రమే పోనిచ్చే పదార్థం అత్యుత్తమమని 1996లో మహాన్, సోఫో చూపినప్పుడే, అందులోనూ జడ్‌టీకి హద్దు గీసేది జాలకం మోసే వేడేనని తేలింది. 2018లో స్వీడన్‌లోని లుండ్ పరిశోధకులు నానోతీగలోని ఒకే ఒక్క డాట్‌తో కార్నో పరిమితిలో, అంటే వేడితో నడిచే యంత్రాల సామర్థ్యానికి సిద్ధాంతం విధించే గరిష్ఠ హద్దులో, 70 శాతానికి పైగా సాధించినప్పుడు, అది ఎలక్ట్రాన్ల వరకే వర్తించే సామర్థ్యమని స్పష్టంగా పేర్కొన్నారు. అతిశీతల స్థితిలో జరిగిన ఆ ప్రయోగం భౌతికశాస్త్రంగా గొప్పది. ఎలక్ట్రాన్ల వరకే అన్న ఆ షరతును పక్కనపెట్టి అదే అంకెను గది ఉష్ణోగ్రత పరికరాలకు అంటగట్టేవారు, అదే నమూనాలో, అదే దిశలో జాలకపు వేడిని కొలిచి చూపాల్సి ఉంటుంది.