టెర్మినల్ ఏఐ చేతికి డేటాబేస్: చిక్కుల వెనకున్న చరిత్ర

ఆదోని పత్తి యార్డులో లాట్ల వేలం, కాటా, తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకపు చీటీ), చెల్లింపు, ఈ నాలుగింటి లెక్క చూసే చిన్న సాఫ్ట్‌వేర్‌కు సీజన్‌లో ఊపిరాడదు. సీజన్ అయిపోతే పెద్దగా పనుండదు. కర్నూలు జిల్లాలో ఇలాంటివి రాసిపెట్టే ఇద్దరు ముగ్గురు మనుషుల జట్లకు నెలనెలా అద్దె కట్టే సర్వర్ కంటే, వాడినంతసేపే బిల్లు పడే సర్వర్‌లెస్ డేటాబేస్ నప్పుతుంది. కోడ్ రాయడానికేమో టెర్మినల్‌లోనే పనిచేసే ఏఐ అసిస్టెంట్లు వచ్చేశాయి. ఈ రెండింటినీ కలపడం ఒకటి రెండు కమాండ్ల పని. తలనొప్పి కలిపాక మొదలవుతుంది. అందులో ఏఐ చేసే తప్పులు కొన్నే. మిగతావన్నీ యాభై ఏళ్లుగా వేర్వేరు మనుషులు వేర్వేరు అవసరాల కోసం తీసుకున్న నిర్ణయాలు ఇప్పుడు ఒకేచోట ఢీకొనడం వల్ల వచ్చేవి.

సర్వర్‌లెస్ పేరుతో దొరికేవాటిలో చాలావాటికి అడుగున ఉన్నది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్. 1986లో బర్క్‌లీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ మొదలుపెట్టిన పరిశోధన ప్రాజెక్టుకు 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అన్న పేరు స్థిరపడింది. ప్రతి కనెక్షన్‌కూ ఒక ప్రత్యేక ప్రాసెస్ లేవడం దాని పద్ధతి. కనెక్షన్లు తక్కువగా ఉండి, గంటల తరబడి తెరిచే ఉండే కాలంలో అది బాగానే నడిచింది. డిఫాల్టు గరిష్ఠ పరిమితి ఈనాటికీ 100 కనెక్షన్లే. 2014 నవంబరులో పిలిచినప్పుడే చిన్న కోడ్ ముక్కలను, అంటే ఫంక్షన్లను, నడిపే అమెజాన్ లాంబ్డా వచ్చాక పరిస్థితి మారింది. వందల ఫంక్షన్లు ఒక్కసారిగా లేచి, ఒక్కొక్కటీ సొంత కనెక్షన్ తెరిచి, అర సెకనులో మాయమైపోతే ఆ 100 ఏ మూలకు?

దీనికి మందు అంతకుముందే ఉంది. స్కైప్ ఇంజనీర్లు 2007లో విడుదల చేసిన పీజీబౌన్సర్, వేల మంది క్లయింట్లను కొద్దిపాటి అసలు కనెక్షన్ల మీద వంతులవారీగా నడిపిస్తుంది. నియాన్ లాంటి సర్వర్‌లెస్ పోస్ట్‌గ్రెస్ సేవలు రెండు చిరునామాలు ఇవ్వడానికి కారణం ఇదే. హోస్ట్ పేరులో పూలర్ అన్న మాట ఉన్నది పీజీబౌన్సర్ ద్వారా వెళ్తుంది, లేనిది నేరుగా వెళ్తుంది. పూలర్ ట్రాన్సాక్షన్ పద్ధతిలో నడుస్తుంది, అంటే ఒక ట్రాన్సాక్షన్ (కలిసి నడిచే క్వెరీల గుంపు) కాగానే కనెక్షన్‌ను వేరొకరికి ఇచ్చేస్తుంది కాబట్టి, ఒక ట్రాన్సాక్షన్‌లో సెట్ చేసిన సెర్చ్ పాత్ (టేబుళ్లను ఏ స్కీమాలో, అంటే ఏ గుంపులో, వెతకాలో చెప్పే సెట్టింగు) తర్వాతి దానికి ఉంటుందన్న నమ్మకం లేదు. అసిస్టెంట్ ‘స్కీమా మార్చాను’ అంటుంది, మరుసటి క్వెరీకి ‘టేబుల్ లేదు’ అని జవాబొస్తుంది. అది మళ్లీ సెట్ చేస్తుంది, మళ్లీ పోతుంది. ఇలా పది నిమిషాలు, దాంతోపాటు ఏఐ వాడకాన్ని లెక్కగట్టే టోకెన్లూ కరిగిపోతాయి. మైగ్రేషన్లు (టేబుళ్ల నిర్మాణంలో మార్పులు), పీజీడంప్ (బ్యాకప్ సాధనం) నేరు చిరునామా మీదే నడపాలి. అప్లికేషన్‌కు పూలర్ చాలు. ముందే సిద్ధంచేసి మళ్లీ మళ్లీ వాడే క్వెరీలు, అంటే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు, పూలర్‌తో కుదరని గొడవ మాత్రం 2023 అక్టోబరులో వచ్చిన పీజీబౌన్సర్ 1.21తో చాలావరకు తీరింది.

రెండో మలుపు లెక్క చేసే యంత్రాన్నీ (కంప్యూట్), నిల్వనూ విడదీయడం. అమెజాన్ డేటాబేస్ సేవ ఆరోరా ఈ దారిన నడిచింది. దాని సర్వర్‌లెస్ రూపాన్ని 2017 నవంబరులో ప్రకటించారు, 2018 ఆగస్టులో అందరికీ ఇచ్చారు. 2022లో వచ్చిన రెండో వెర్షన్‌కు మాత్రం పనిలేనప్పుడు సున్నాకు దిగే గుణం 2024 నవంబరు దాకా లేదు. 2021లో నికితా షమ్‌గునోవ్, హెయికీ లిన్నకంగాస్, స్టాస్ కెల్విచ్ స్థాపించిన నియాన్ అదే విభజనను ఓపెన్‌సోర్స్ పోస్ట్‌గ్రెస్ మీద చేసింది. రాతల లాగ్ ఒకచోట భద్రపడుతుంది, పేజీలు మరోచోటి నుంచి వస్తాయి, మధ్యలో ఉన్న పోస్ట్‌గ్రెస్ ఎప్పుడైనా పడుకోవచ్చు, లేవొచ్చు. డిఫాల్టుగా 5 నిమిషాలు క్వెరీలు లేకపోతే అది పడుకుంటుంది. మళ్లీ లేవడానికి సాధారణంగా సెకనులో కొంత భాగమే పడుతుంది.

సీజన్ వ్యాపారానికి ఇది వరమే. కానీ లెక్క తెలిసి వాడాలి. అతి చిన్న కంప్యూట్ 0.25 యూనిట్, అంటే సుమారు 1 జీబీ ర్యామ్. 30 రోజులు రెప్ప వేయకుండా నడిస్తే 720 గంటలు, అంటే 180 యూనిట్ గంటలు. సైట్ బతికే ఉందా అని నిమిషానికోసారి డేటాబేస్‌ను తట్టే మానిటర్ ఒక్కటి పెట్టారంటే అది ఇక పడుకోదు, ఆదా అన్న మాటే ఉండదు.

అసిస్టెంట్‌తో వచ్చే ఇబ్బంది దీనికి తలకిందులు. అది ఫైళ్లు చదువుతూ ఆలోచిస్తూ ఆరేడు నిమిషాలు డేటాబేస్ జోలికి రాదు. ఈలోగా కంప్యూట్ పడుకుంటుంది, తెరిచి ఉన్న కనెక్షన్లు తెగిపోతాయి. తర్వాతి క్వెరీకి 57పీ01 అన్న కోడ్‌తో ‘అడ్మినిస్ట్రేటర్ ఆదేశంతో కనెక్షన్ ముగిసింది’ అన్న అర్థం వచ్చే సందేశం వస్తుంది. ఏ అడ్మినిస్ట్రేటరూ ఏమీ చేయలేదు. జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్‌లో పీజీ లైబ్రరీ పూల్ వాడేవారు ఎర్రర్ ఈవెంట్‌కు హ్యాండ్లర్ పెట్టకపోతే, ఖాళీగా ఉన్న కనెక్షన్ తెగిన క్షణానే ప్రాసెస్ మొత్తం కూలిపోతుంది. ఒక్క హ్యాండ్లర్, ఒకసారి మళ్లీ ప్రయత్నించే కోడ్, ఈ రెండూ ఉంటే చాలు.

ఇక కనెక్షన్ స్ట్రింగ్. యూజర్, పాస్‌వర్డ్, హోస్ట్, డేటాబేస్ పేరు అన్నీ ఒకే యూఆర్‌ఎల్‌లో కుక్కి, దాన్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా ఇచ్చే అలవాటు వెబ్ యాప్‌లను నడిపిపెట్టే హెరోకూ సేవ కాలంలో పాకింది. అక్కడివాళ్లు 2011లో రాసిన ‘పన్నెండు అంశాల యాప్’ సూత్రాలు దాన్ని ఆనవాయితీ చేశాయి. అప్పటికి ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లు చదివేవాడు మనిషే. ఇప్పుడు అదే ఫోల్డర్‌లో కూర్చున్న అసిస్టెంట్ ఆ స్ట్రింగ్ దాచుకునే డాట్ ఎన్వ్ ఫైలునూ చదవగలదు, చదివిన పాస్‌వర్డ్ సంభాషణలోకి వెళ్తుంది. చదవొద్దని సెట్టింగుల్లో నిషేధం పెట్టడం మంచిదే. అంతకంటే మంచిది, అసలు వ్యాపార డేటాబేస్ స్ట్రింగ్‌ను ఆ ఫోల్డర్‌లో ఉంచకపోవడం.

స్ట్రింగ్‌ను టెర్మినల్‌లో అతికించేటప్పుడు సింగిల్ కోట్ల మధ్య పెట్టాలి. అందులో ? కూ, & కూ షెల్‌లో (టెర్మినల్ కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రామ్‌లో) వేరే అర్థాలున్నాయి. బాష్ అనే షెల్‌లో కోట్లు లేకపోతే & దగ్గర కమాండ్ తెగి బ్యాక్‌గ్రౌండ్‌లోకి పోతుంది, ఆ తర్వాతి భాగం ఊడిపోతుంది. జెడ్‌షెల్ అయితే ? ను చూసి సరిపోలే ఫైలు లేదని ఆగిపోతుంది. పాస్‌వర్డ్‌లో @ ఉంటే %40 అనీ, # ఉంటే %23 అనీ రాయాలి. సుపాబేస్ అనే మరో పోస్ట్‌గ్రెస్ సేవ వాడేవారికి ఇంకో మెలిక ఉంది. 2024 మొదటి నుంచి దాని నేరు చిరునామా డిఫాల్టుగా ఐపీవీ6 (కొత్త తరం ఇంటర్నెట్ చిరునామాల పద్ధతి) మీదే దొరుకుతుంది. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో ఐపీవీ6 లేకపోతే నెట్‌వర్క్ అందడం లేదన్న సందేశమే వస్తుంది, పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. పూలర్ చిరునామా తీసుకోవాలి.

అసిస్టెంట్ల చరిత్ర పొట్టిది. 2024 నవంబరు 25న క్లాడ్ తయారుచేసే ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రొటోకాల్‌ను, అంటే ఎంసీపీని, ప్రకటించింది. ప్రతి ఏఐకీ ప్రతి సాధనానికీ విడివిడిగా అతుకులు రాసే పని తప్పించడం దాని ఉద్దేశం. ఎడిటర్ల కోసం మైక్రోసాఫ్ట్ 2016లో తెచ్చిన లాంగ్వేజ్ సర్వర్ ప్రొటోకాల్ దానికి ప్రేరణ. 2025 ఫిబ్రవరిలో క్లాడ్ కోడ్, ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ కోడెక్స్, జూన్‌లో జెమిని టెర్మినల్‌లోకి వచ్చాయి. మూడూ ఎంసీపీ మాట్లాడతాయి. 2025 మేలో డేటా సాఫ్ట్‌వేర్ సంస్థ డేటాబ్రిక్స్ సుమారు 100 కోట్ల డాలర్లకు నియాన్‌ను కొంటున్నట్టు ప్రకటించినప్పుడు, అక్కడ పుడుతున్న డేటాబేస్‌లలో 80 శాతానికి పైగా ఏఐ ఏజెంట్లు సృష్టించినవేనని చెప్పింది. ఈ సేవలు అమ్ముకునే కంపెనీ మాటే అయినా, ఈ సేవలు ఎవరిని దృష్టిలో పెట్టుకుని తయారవుతున్నాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

కలిపే తీరు రెండు రకాలు. మొదటిది, మీ కంప్యూటర్‌లోనే చిన్న ప్రోగ్రామ్ నడిచి, స్టాండర్డ్ ఇన్‌పుట్, అవుట్‌పుట్‌ల మీద జేసన్ సందేశాలు పంపుకోవడం. సొంతంగా సర్వర్ రాసినప్పుడు అందులో ఒక్క ప్రింట్ లైను స్టాండర్డ్ అవుట్‌పుట్‌లోకి వెళ్లినా సంభాషణ చెడుతుంది. లాగ్‌లన్నీ ఎర్రర్ స్ట్రీమ్‌కే పోవాలి. విండోస్‌లో నోడ్ ప్యాకేజీలను నడిపే ఎన్‌పీఎక్స్‌ను నేరుగా పిలిస్తే క్లాడ్ కోడ్ ‘కనెక్షన్ మూసుకుంది’ అనవచ్చు. ముందు సీఎండీ, స్లాష్ సీ (cmd /c) చేర్చాలి. రెండోది, సేవ నడిపే కంపెనీ దగ్గరే ఉన్న రిమోట్ సర్వర్‌కు హెచ్‌టీటీపీ మీద కలవడం. అసిస్టెంట్‌లో చిరునామా చేర్చి, బ్రౌజర్‌లో లాగిన్ అయితే అయిపోతుంది. కాలేజీ ల్యాబుల్లో, హాస్టళ్లలో పోస్ట్‌గ్రెస్ వాడే 5432 పోర్టు మూసి ఉన్నచోట ఇదే దారి, ఎందుకంటే ఇది వెబ్‌సైట్లు వాడే 443 మీద వెళ్తుంది. కానీ ఆ లాగిన్ తరచుగా ఖాతా మొత్తానికి తలుపు తీస్తుంది. ప్రాజెక్టులు సృష్టించే, తీసేసే సాధనాలు కూడా అందులో ఉంటాయి. అనుమతి ఇచ్చే పేజీలో ఒక్క ప్రాజెక్టుకు, చదవడానికి మాత్రమే అని కుదించే వీలుంటే కుదించాలి.

నిజానికి చాలా జట్లకు ఎంసీపీ అక్కర్లేదు. అసిస్టెంట్ ఎలాగూ షెల్ కమాండ్లు నడపగలదు, పోస్ట్‌గ్రెస్ కమాండ్ సాధనమైన పీఎస్‌క్యూఎల్ ఇచ్చేస్తే సరిపోతుంది. పాస్‌వర్డ్‌ను హోమ్ ఫోల్డర్‌లోని డాట్ పీజీపాస్ ఫైల్లో పెట్టాలి. లినక్స్‌లో ఆ ఫైలు అనుమతి 0600 కంటే వదులుగా ఉంటే పోస్ట్‌గ్రెస్ లైబ్రరీ దాన్ని పట్టించుకోదు. పది పన్నెండు టేబుళ్ల యార్డు లెక్కకు టేబుళ్ల నిర్మాణం రాసిన స్కీమా ఫైలు ఒకటి పక్కన ఉంచితే, సాధనాల వివరణలతో కాంటెక్స్ట్ నింపుకోవాల్సిన పని ఉండదు.

అన్నింటికంటే పెద్ద చిక్కు అనుమతులది. ఆంత్రోపిక్ నమూనాగా ఇచ్చిన పోస్ట్‌గ్రెస్ ఎంసీపీ సర్వర్ ప్రతి క్వెరీనీ రీడ్ ఓన్లీ ట్రాన్సాక్షన్‌లో చుట్టి పంపేది. చదవడం తప్ప మరేమీ చేయలేదని అందరూ అనుకున్నారు. క్వెరీలో ట్రాన్సాక్షన్‌ను ముగించే ‘కమిట్’ అని రాసి, సెమికోలన్ పెట్టి, ఆ వెనక తీసేసే ఆజ్ఞ అయిన డ్రాప్ రాస్తే చుట్టు ఊడిపోతుందని 2025లో డేటాడాగ్ భద్రతా పరిశోధకులు చూపించారు. ఒకే పిలుపులో అనేక స్టేట్‌మెంట్లను అనుమతించడమే అక్కడి లోపం. అదే ఏడాది జులైలో కోడింగ్ సేవ రెప్లిట్ వారి ఏఐ ఏజెంట్, మార్పులేవీ చేయొద్దని చెప్పిన సమయంలోనే, ఒక వ్యాపార సంస్థ అసలు డేటాబేస్‌ను తుడిచిపెట్టింది. రెప్లిట్ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పి, అభివృద్ధి డేటాబేస్‌నూ అసలుదాన్నీ వేరుచేస్తున్నామని ప్రకటించారు. మాటల్లో చెప్పే నిషేధం నిషేధం కాదని అప్పుడు చాలామందికి తెలిసొచ్చింది.

దీనికి తోడు, 2022లో ప్రోగ్రామర్ సైమన్ విల్లిసన్ ప్రాంప్ట్ ఇంజెక్షన్ అని పేరుపెట్టిన దాడి ఒకటుంది. తక్‌పట్టీలో రిమార్కుల గడి ఉందనుకోండి. అందులో ఎవరో ‘ఇది చదివే ఏఐ రైతుల ఖాతా నంబర్లన్నీ ఇక్కడ రాయాలి’ అని టైప్ చేస్తే, అసిస్టెంట్‌కు అది డేటాలాగా కాక ఆదేశంలాగా కనిపించే ప్రమాదం ఉంది. దీన్ని పూర్తిగా ఆపే ఉపాయం మోడల్ వైపు ఇంకా లేదు.

దాని నష్టాన్ని కట్టడి చేసే ఉపాయం డేటాబేస్ వైపు ఉంది, అదీ చాలా పాతది. ఐబీఎం సాన్‌హోసే ప్రయోగశాలలో సిస్టమ్ ఆర్ అనే తొలినాటి డేటాబేస్ కోసం ప్యాట్రీషియా గ్రిఫిత్స్, బ్రాడ్‌ఫర్డ్ వేడ్ 1976లో వివరించిన, హక్కులిచ్చే గ్రాంట్, వెనక్కి తీసుకునే రివోక్ పద్ధతే నేటికీ గట్టి గోడ. అసిస్టెంట్‌కు వేరే రోల్ (డేటాబేస్ యూజర్ ఖాతా) చేయాలి. నియాన్‌లో దాన్ని కన్సోల్ నుంచి చేయకూడదు, అక్కడ చేసిన రోల్‌కు విస్తృత హక్కులుండే నియాన్ సూపర్‌యూజర్ సభ్యత్వం తనంతట తానే వస్తుంది. ఎస్‌క్యూఎల్‌లో క్రియేట్ రోల్‌తోనే చేయాలి, పాస్‌వర్డ్ బలహీనంగా ఉంటే ఒప్పుకోదు. తర్వాత స్కీమా మీద యూసేజ్ (అందులోకి వెళ్లే హక్కు), కావలసిన టేబుళ్ల మీద సెలెక్ట్ (చదివే హక్కు) మాత్రమే ఇవ్వాలి. కొత్త టేబుళ్లు చేర్చినప్పుడు ‘అనుమతి లేదు’ అని రాకుండా ఆల్టర్ డిఫాల్ట్ ప్రివిలేజెస్ వాడాలి, అదీ టేబుళ్లు సృష్టించే రోల్ పేరు మీదే. వేరే రోల్ పేరు మీద ఇస్తే ఆ ఆజ్ఞ ఉన్నా లేనట్టే. స్టేట్‌మెంట్ టైమౌట్ 5 సెకన్లు పెడితే దారితప్పిన క్వెరీ బిల్లు పెంచదు. కానీ ఆ రోల్ తానే దాన్ని మార్చుకోగలదు గనుక దాన్ని భద్రతగా లెక్కవేయొద్దు. ఫంక్షన్లను నడిపే హక్కు డిఫాల్టుగా అందరికీ ఉంటుంది. యజమాని హక్కులతో నడిచే సెక్యూరిటీ డిఫైనర్ ఫంక్షన్లు ఉంటే పబ్లిక్ నుంచి రివోక్ చేయాలి.

ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు గడులను కాలమ్ స్థాయి గ్రాంట్‌తో దాచవచ్చు. అయితే అసిస్టెంట్‌కు సెలెక్ట్ స్టార్ (అన్ని గడులూ ఇమ్మనే క్వెరీ) రాసే అలవాటెక్కువ, ప్రతిసారీ తప్పు తగిలి తికమకపడుతుంది. ఆ గడులు లేని వ్యూ (టేబుల్‌లో కొంత భాగాన్నే చూపే క్వెరీ) ఒకటి చేసి, అసలు టేబుల్‌ మీద కాకుండా వ్యూ మీదే సెలెక్ట్ ఇవ్వడం మేలు. పోస్ట్‌గ్రెస్‌లో వ్యూ డిఫాల్టుగా దాని యజమాని హక్కులతో చదువుతుంది కాబట్టి ఇది నడుస్తుంది.

రాసే పని ఉన్నప్పుడు బ్రాంచ్, అంటే డేటాబేస్‌కు విడి నకలు, వాడాలి. నిల్వను విడదీసినందువల్ల నియాన్‌కు దక్కిన అసలు లాభం ఇదే. ఎంత డేటా ఉన్నా బ్రాంచ్ క్షణాల్లో పుడుతుంది, మారిన పేజీలే అదనంగా నిల్వ అవుతాయి. నియాన్ ఎంసీపీ సర్వర్ మైగ్రేషన్‌ను ముందు తాత్కాలిక బ్రాంచ్‌లో నడిపి, మీరు సరే అన్నాకే అసలుదానికి ఎక్కించేలా రెండు అంచెల సాధనాలు ఇచ్చింది. రెండు సంగతులు మాత్రం గమనించాలి. బ్రాంచ్ అంటే అసలు రైతుల వివరాలున్న నకలే, అవి అక్కర్లేకపోతే స్కీమా మాత్రమే ఉన్న బ్రాంచ్ తీసుకోవాలి. రెండోది, డిఫాల్టుగా బ్రాంచ్‌లోని రోల్‌కూ అసలులోని రోల్‌కూ పాస్‌వర్డ్ ఒకటే. స్ట్రింగుల్లో తేడా హోస్ట్ పేరు మొదట్లో ఉండే ఎండ్‌పాయింట్ గుర్తులోనే కనిపిస్తుంది. డ్రాప్, ట్రంకేట్, వేర్ లేని డిలీట్ కనిపించినప్పుడు ఎంటర్ నొక్కే ముందు చూడాల్సింది ఆ గుర్తునే. పని అయ్యాక బ్రాంచ్‌ను తీసేసి, అసలులో ఆ రోల్ పాస్‌వర్డ్‌ను మార్చేయాలి.