641కి దొరికిపోయిన సంఖ్య

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

4,29,49,67,297. ముందు దీన్ని పైకి చదవండి: నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల నలభై తొమ్మిది లక్షల అరవై ఏడు వేల రెండు వందల తొంభై ఏడు. చదవడానికే ఇంత ఆయాసమైనా, దీని పుట్టుక చాలా సులువు. 2తో మొదలుపెట్టి, వచ్చినదానికల్లా వర్గం కట్టుకుంటూ పోండి: 2, 4, 16, 256, 65536, 4294967296. ఒక్కోదానికి 1 కలిపితే 3, 5, 17, 257, 65537, ఆపైన మన సంఖ్య.

మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలే. ఫ్రాన్స్‌లో తులూజ్ న్యాయస్థానంలో ఉద్యోగం చేస్తూ తీరిక వేళల్లో గణితం చేసిన ఫెర్మా, ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని నమ్మి 1640లో మిత్రులకు ఉత్తరాలు రాశాడు. నిరూపణ మాత్రం ఇవ్వలేకపోయాడు. 1729లో గోల్డ్‌బాక్ అనే గణితజ్ఞుడు ఆ మాటను మరో గణితజ్ఞుడైన ఆయిలర్ చెవిన వేశాడు. 1732లో ఆయిలర్ తేల్చేశాడు: మన సంఖ్యను 641తో భాగిస్తే శేషం సున్నా, భాగఫలం 6700417.

2 నుంచి ప్రధాన సంఖ్యలతో వరసగా భాగించుకుంటూ పోయినా 641 నూట పదహారోది. ఫెర్మా అంతటివాడు ఆ కాస్త ఓపిక ఎందుకు పట్టలేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఆయిలర్ ఇంకో దగ్గరి దారి కూడా చూపాడు. ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే, అందులోంచి 1 తీసేస్తే మిగిలినది 64తో భాగింపబడి తీరాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. అంటే అయిదో ప్రయత్నానికే దొంగ దొరికినట్టే!

అసలు భాగహారమే చేయకుండా కూడా ఇది తేల్చవచ్చు. కాగితం, పెన్సిలు తీసుకోండి. 641 అంటే 640 + 1. 640 అంటే 5 × 2⁷. అదే 641ని 5⁴ + 2⁴ అని కూడా రాయవచ్చు (625 + 16, కూడి చూసుకోండి). కాబట్టి 16 = 641 − 5⁴. ఇప్పుడు 2³² అంటే 16 × 2²⁸ కదా, ఆ 16 స్థానంలో దీన్ని పెట్టండి:

2³² = 641 × 2²⁸ − 5⁴ × 2²⁸

చివరి ముక్క 640⁴ తప్ప మరేమీ కాదు. రెండు వైపులా 1 కలిపితే

2³² + 1 = 641 × 2²⁸ − (640⁴ − 1)

బ్రాకెట్‌లోది (640 + 1)(640 − 1)(640² + 1). అందులో మళ్లీ 641 ఉంది. కుడివైపు మొత్తం 641తో భాగింపబడుతుంది, కాబట్టి ఎడమవైపూ అంతే. పెద్ద గుణకారం ఒక్కటీ చేయలేదు, గమనించారా?

65537 తర్వాత ఈ వరుసలో మరో ప్రధాన సంఖ్య ఇంతవరకూ దొరకలేదు. మన సంఖ్య తర్వాతిది 2⁶⁴ + 1. దాన్ని 1880లో లాండ్రీ అనే ఫ్రెంచి పెద్దాయన 82 ఏళ్ల వయసులో రెండు ముక్కలు చేశాడు. ఆ వయసు చూసి నాకు ఆయనంటే ప్రత్యేకమైన అభిమానం! చిన్న ముక్క 274177. అందులోంచి 1 తీసేసి, ఈసారి 64కు బదులు 128తో భాగించండి. శేషం మిగిలితే లెక్క తప్పిందన్నమాట, మళ్లీ చేయండి. భాగఫలం ఎంత వచ్చిందో నాకు రాయండి.

మీ తాతయ్య